మక్తల్ అని పిలిచిన గొంతు

పాతికేళ్ళు క్రీడా విలేకరిగా, టీవీ వ్యాఖ్యాతగా బతికాను. మొన్న ఛానల్ వాళ్ళు సాగనంపుతూ చిన్న సభ పెట్టారు. కబడ్డీ ఆటగాళ్ళను సొంత పేర్లతో కాకుండా ఊరి పేర్లతో పిలవడం నా ప్రత్యేకతట. వింటుంటే ఒళ్ళు మండింది. ఆ పద్ధతి నాది కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ముంబయి కామాఠిపురా గల్లీ పోటీలు చూడటానికి వెళ్ళాను. అక్కడ మైకు పట్టుకున్నది బాలప్ప అనే తాపీమేస్త్రీ. పాలమూరు కూలీలు ఉండే ఒంటిగది వాటాల చాళ్ళలో ప్రతి జట్టులోనూ ముగ్గురు వెంకటయ్యలు, ఇద్దరు ఆంజనేయులు ఉండేవాళ్ళు. అందుకని ఆయన "మక్తల్ వచ్చిండు, నారాయణపేట పట్టిండు" అనేవాడు. దాన్నే ఎత్తుకొచ్చి పేరు తెచ్చుకున్నాను. ఆయన పేరు ఎక్కడా చెప్పలేదు. కనీసం ఆయన ముందైనా తప్పు ఒప్పుకుందామని బయల్దేరాను.

హైదరాబాదు రైలు దిగి, పొద్దున ఎనిమిదింటికి దాదర్‌లో ఐదు రూపాయల టికెట్ తీసుకుని స్లో లోకల్ ఎక్కాను. ఫాస్ట్ బండి గ్రాంట్ రోడ్‌లో ఆగదు. స్టేషన్ బయట టాక్సీ అతను కామాఠిపురా అనగానే అదోలా నవ్వి, ఇంత పొద్దున్నేనా అన్నాడు. అక్కడ సానివాడలే కాదు, సంసారాలు కూడా ఉంటాయని చెప్పే ఓపిక లేక, ఫాక్‌లాండ్ రోడ్ మీదుగా పావుగంట నడిచాను.

బాలప్ప ఉండేది రెండో అంతస్తులో, ఒకే గది. నన్ను చూడగానే గుర్తుపట్టాడు. కోడలు చాయ్ పెట్టడానికి లేచింది. టీవీలో హిందీ వ్యాఖ్యానంతో రాత్రి కబడ్డీ ఆట మళ్ళీ వేస్తున్నారు. ఇంట్లో పిల్లలకు తెలుగు వ్యాఖ్యానం ఎక్కదట. నేను గొంతు సవరించుకునేలోపే ఆయన మొదలుపెట్టాడు.

"నేను గూడ ఒకపారి అయిదరవాదొచ్చిన సారు, మీ టీవీల కొత్త గొంతులు గావాలంటే. రికార్డు జేసుకున్నరు. గిదంత మా సారుది నకలు, సొంతంగ నేర్చుకొని రా అని పంపిచ్చిండ్రు. నా మాట నాకే నకలాయె."

ఆ ఏడాది ఆ గొంతులు విని వడపోసింది నేనే. పేర్లుండేవి కావు, అంకెలే. ఒకదాన్ని నిమిషం తిరక్కుండానే ఆపేసి, 'నా అనుకరణ' అని రాశాను. ఎవరి గొంతో పోల్చుకోలేదని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను.

చాయ్ గ్లాసు నా చేతికిస్తూ బాలప్ప అన్నాడు: "ఆ మాట అన్నాయిన ఎవరో గని, ఎదురైతే ఒక్కటే అడుగుదు. మక్తల్ ఏడున్నదో ఎరికేనా అని."

మక్తల్ నేనెన్నడూ చూడలేదు. చాయ్ తాగాను. బాగుందన్నాను.

పదకొండింటికల్లా మళ్ళీ గ్రాంట్ రోడ్‌లో ఉన్నాను. చెప్పాలని వచ్చింది చెప్పకుండానే వెనక్కి టికెట్ తీసుకున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది. మీరు వెళ్ళేట్టయితే ఆదివారం పొద్దున వెళ్ళండి, పనివాళ్ళంతా ఇళ్ళలోనే ఉంటారు. చెప్పుకోవలసింది ఏమైనా ఉంటే మాత్రం చాయ్ రాకముందే చెప్పేయండి. వాళ్ళ చాయ్ తాగాక ఇక చెప్పలేరు.