నా బీపీని కోపమనుకోని డాక్టరమ్మ

మా డాక్టరమ్మ గారు పోయారట. నర్సీపట్నం నుంచి ఆటో అబ్బాయి ఆ కబురు తెస్తే నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. చేతిలో ఉన్న చెంబు గోడకేసి కొట్టాను. ఆవిడ ఉంటే "చెంబేటి సేసిందే నిన్ను?" అని నన్ను తిట్టి ఉండేవారు.

తిట్టడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా. లోపలి తిట్లు ఆస్పత్రి గేటు దాకా వినబడేవి. మాత్రలు మానేసి వచ్చినవాళ్ళ ముందు స్కేలు విరిగేలా బల్ల మీద కొట్టేవారు. కొయ్యూరు కొండల నుంచి వచ్చిన గర్భిణుల మీద మాత్రం గొంతు లేచేది కాదు, వాళ్ళని ఆలస్యంగా తెచ్చిన మగవాళ్ళ మీద లేచేది. ముందు వాళ్ళ పాదం పట్టుకుని, నీరు పట్టిందేమోనని బొటనవేలితో గట్టిగా నొక్కి, పడిన గుంటనే చూస్తూ ఉండేవారు. అంతసేపూ గదిలో ఎవరూ మాట్లాడకూడదు.

నాకు పెళ్ళికి ముందు నుంచే బీపీ. మావైపు బీపీ అంటే కోపం. "దానికి బీపీ ఎక్కువ" అంటే గిన్నెలు విసిరే మనిషని అర్థం. నేను విసిరేదాన్ని కూడా. కడుపుతో ఉన్నానని ఇంట్లో ఎవరూ నాకు ఎదురు చెప్పేవారు కాదు, నా మీద అంత ప్రేమ. నేను చల్లబడ్డాను. బీపీ పోయిందని సంబరపడి మా అత్తగారు మాత్రలు ఆపించేశారు.

ముఖం ఉబ్బి, తల పగిలిపోతుంటే మా ఆయన నన్ను నర్సీపట్నం తీసుకెళ్ళారు. డాక్టరమ్మ గారు మంచమిచ్చి, రక్తం తీసి విశాఖపట్నం పంపించారు. ఫలితం వచ్చాక మా ఆయన్ని పిలిచారు.

"కడుపులో బిడ్డకి తిండందించే మాయలో రక్తనాళాలు ఎదగాలంటే రక్తంలో ఒక పదార్థం ఉండాల. నీ పెళ్ళానికది అడుగంటిపోనాది. ఇది పాత బీపీ కాదు, మాయ సెడి వచ్చిన బీపీ. బేగి ఆపరేషన్ సేసి బిడ్డని బైటికి తియ్యాల."

"ఎనిమిదో నెలండీ! ఈ నెల్లో పుట్టింది బతకదంటారు. దానికి పుట్టిన కాణ్నుంచీ బీపీయే గదండీ. ఇంటికాడ ఎవరం ఏటీ అనం, అదే తగ్గిపోద్ది."

"కోపం కాదురా అది!"

ఆయన నా రెక్క పట్టుకుని మంచం మీంచి లాగారు. ఆవిడ గుమ్మానికి అడ్డం నిలబడ్డారు. "నన్ను తొక్కి తీసుకుపో." ఆయన తోసేశారు. ఆవిడ అద్దాల తలుపు మీద పడ్డారు. అద్దం భళ్ళున పగిలి, కనుబొమ్మ చీరుకుపోయి, నెత్తురు చెంప మీదికి కారింది. అది చూస్తుండగానే నా దవడ బిగుసుకుపోయింది.

మిగతాది నర్సమ్మ చెప్పింది. గాజు పెంకుల మధ్యే పడి కొట్టుకున్నానట, నాలుక కొరుక్కుని నోరంతా నెత్తురైందట. ఆవిడ నన్ను పక్కకు తిప్పి పట్టుకుని సూది వేశారట. మూర్ఛ ఆగాక ఆపరేషన్‌కు తీసుకెళ్ళారు.

తర్వాత మా ఆయన మీద కేసు పెట్టమని అందరూ అన్నారు. "భయపడ్డోడి మీద కేసేటి? పెళ్ళానికి రోజూ మాత్ర ఆడే మింగించాల" అన్నారు ఆవిడ. ఈవేళ పొద్దున కూడా ఆయన నా ఎదురుగా నిలబడి మింగించారు.

ఆరోజు బిడ్డ నీలంగా, కదలకుండా పుట్టిందట. కనుబొమ్మకు గుడ్డ బిగించుకునే ఆవిడ దాని అరికాళ్ళ మీద వేలితో కొట్టారు. "ఏడవ్వే! మీయమ్మ కోపంలో పిసరైనా లేదేటే నీకు?" మళ్ళీ కొట్టారు. నా కూతురు పిడికిళ్ళు బిగించి, ముఖం ఎర్రగా చేసుకుని, ఆవిడ మీదికి పోట్లాటకు వచ్చినట్టు అరిచింది. గుడ్డ తడిసి కంట్లోకి దిగుతున్న నెత్తుర్ని తుడుచుకోకుండా, ఆవిడ దాన్ని రెండు చేతులా పైకెత్తి పట్టుకుని నవ్వారట.