మల్లవ్వకు మంత్రాలు రావు

పదకొండేళ్లు ఒక అబద్ధాన్ని మోశాను. బరువు అలవాటైపోయిందనుకున్నాను. కాలేదు. నా పేరు చెప్పను. క్షమించమనీ అడగను. వినండి, చాలు.

మాది మెట్‌పల్లి పక్కన ఊరు. నా భర్త దుబాయ్ పోవడానికి అన్నీ కుదిరాయి, మెడికల్ పరీక్ష ఒక్కటే మిగిలింది. సరిగ్గా అప్పుడే ఆయనకు ముక్కు పక్కన గడ్డ లేచింది. చీము పట్టి ఎర్రగా ఉబ్బింది.

“జర గిల్లవే. ఎల్లుండే మెడికల్. గీ మొకంతోని పోతే ఫెయిల్ జేస్తరు.”

“ముక్కు కాడ గిల్లొద్దని మాకు జెప్పిండ్రు.”

“ఓ డాక్టరమ్మా! ఏం గాదు, ఫికర్ జెయ్యకు.”

మంచిర్యాలలో నర్సు శిక్షణ సగం చదివి, పెళ్లి కోసం మానేసినదాన్ని. ముక్కు మొదలు నుంచి నోటి రెండు మూలల దాకా ఉన్న ముక్కోణంలో గడ్డను నొక్కితే, ఆ చీము విషం అక్కడి రక్తనాళాల గుండా కళ్ల వెనక్కి, మెదడుకు పాకవచ్చని బొమ్మ గీసి మరీ చెప్పారు. తెలియక చేశాననుకోకండి. తెలిసే, రెండు బొటనవేళ్ల గోళ్లతో నొక్కాను. ఆయన మెచ్చుకోవాలనా? గొడవెందుకులే అనా? ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

మూడో రోజుకు కన్ను వాచి మూసుకుపోయింది. ఒకటే చలిజ్వరం. కరీంనగర్ ఆసుపత్రిలో ప్రాణం దక్కింది, ఎడమ కంటి చూపు దక్కలేదు. గడ్డను ఎవరైనా గిల్లారా అని డాక్టరు అడిగితే లేదన్నాను. డాక్టరు అటు పోగానే మా అత్త అందుకుంది.

“గిది గా మల్లవ్వ పనే. మొన్న వాని మొకం పట్టుకోలేదా? బాణామతి జేసింది.”

మల్లవ్వ మా పక్కింట్లో ఒంటరిగా ఉండే ముసలామె. ప్రయాణం మంచిగా జరగాలని ఆయన చెంపలు నిమిరి దీవించింది, అంతే. నేను నోరు విప్పితే సరిపోయేది. విప్పలేదు. పైగా అత్త నా వైపు చూస్తే తల ఊపాను. నా అసలు తప్పు అదే. గిల్లమన్నది తనే అయినా, ఆయనా తల్లి మాటే నమ్మాడు. ఆ తర్వాత ఊళ్లో ఎవరూ ఆమె చేతి నీళ్లు తాగలేదు, పిల్లలను ఆమె వాకిట్లోంచి లాక్కుపోయారు. చివరికి జైనూర్‌లో కూతురి దగ్గరికి పోయి, అక్కడే చనిపోయింది.

నిజం చెబితే నన్ను ఇంట్లోంచి వెళ్లగొట్టేవాళ్లు. అయితే ఏం? ఆమెను ఊళ్లోంచే వెళ్లగొట్టలేదా?

మొన్న మా వాడలో ఎవరికో జ్వరం తగ్గకపోతే మళ్లీ బాణామతి అన్నారు. మల్లవ్వ దగ్గర నేర్చుకున్నవాళ్లు ఎవరో ఉన్నారన్నారు. చచ్చినా వదలరా ఆమెను? ఒళ్లు మండింది. అత్త ముందే, ఆయన ముందే, అందరూ వినేట్టు చెప్పాను. ఆమెకు ఏ మంత్రాలూ రావు, చేసింది నేను అని. ఆయన అప్పటి నుంచి నాతో మాట్లాడటం లేదు. మాట్లాడకపోనీ.

సిగ్గులేనిదంటే అననివ్వండి. ఆ పూట నేను కడుపునిండా అన్నం తిన్నాను.