ఆముదం రాసిన పలకలు

మొగల్తూరు దగ్గర మిషన్ బడి నడిపే ఆశీర్వాదం పంతులు ఆ పొద్దున ఓ పలక చేతిలోకి తీసుకున్నాడు. జిడ్డోడుతోంది. బలపం పెడితే గీత పడదు. పన్నెండు పలకలూ అంతే!

పలకలిమ్మని పైవాళ్ళకి అర్జీలు పెట్టి పెట్టి విసిగి, తన జీతం డబ్బుతో నరసాపురంలో కొన్న పలకలవి. ఇన్‌స్పెక్టరు గారొస్తున్నారు, శుభ్రంగా తుడిచి తెమ్మని నిన్న పిల్లలకిచ్చి ఇళ్ళకి పంపాడు.

"దొరతనం వారి ముందు మెరవాలని అమ్మలందరం ఆముదం రాశామండి," అంది పిల్లాణ్ణి దింపడానికొచ్చిన సూరమ్మ, మురిసిపోతూ.

పిల్లలు రాయకపోతే గ్రాంటు రాదు, గ్రాంటు రాకపోతే బడే ఉండదు. అంతలో కాలవలో ఇన్‌స్పెక్టరు గారి పడవ ఆగింది. పంతులు ముంగిట్లోకి పరుగెత్తాడు.

"అందరూ బయటికి రండర్రా!"

పలకలు లేని రోజుల్లో దిద్దినట్టే పిల్లలు ముంగిట ఇసుకలో కూర్చుని, చెప్పిందల్లా వేళ్ళతో రాశారు. ఒక్క తప్పూ దొర్లలేదు. ఇన్‌స్పెక్టరు గారు తలూపి, బడి పుస్తకంలో ఏదో రాసి పడవెక్కారు.

ఆశీర్వాదం పుస్తకం తెరిచాడు.

"పిల్లలు ఇసుకలో చక్కగా రాస్తున్నారు. ఈ బడికి పలకలు అక్కర్లేదు."