చివరి అంకె మూడు

ఈ రోజు మొదటి షిఫ్టు దిగగానే ప్యాకింగ్ చేసే మా ఆడవాళ్లను పద్నాలుగు మందినీ మిల్లు గేటు దగ్గర నిలబెట్టేశారు. ఈ నెల మేం కట్టిన నూలు కోన్లు 1,25,763 అని రిజిస్టరులో ఉందట, గోడౌనులో మాత్రం 1,25,736 ఉన్నాయట. ఆ ఇరవై ఏడు కోన్లు ఎవరు తీశారో తేలేదాకా ఎవరూ కదలకూడదన్నాడు సూపర్‌వైజరు. టిఫిన్ డబ్బాలు కూడా తెరిపించాడు. ఎదురుగానే మా పొల్లాచ్చి బస్సు వెళ్లిపోయింది.

మాలో పెద్దదైన రంగమ్మత్తకు చదువు రాదు. ఆయన చేతిలోని రిజిస్టరులో అంకెను పైకి చదవమని నన్ను అడిగింది. చదివాను. విని రంగమ్మత్త సూపర్‌వైజరు వైపు తిరిగింది.

"సార్, మేము చేతికొక కోను, రెండేసిగానే ఎత్తి పెట్టేది. ఇరవై నాలుగు నిండని మూటను కుట్టేదే లేదు. లక్ష దాటినా సరే, కడాన మూడు ఎట్ల వచ్చె?"

"వస్తే ఏమి?" అన్నాడాయన.

"జోడు జోడుగా పెట్టినదానికి ఒంటి లెక్క రాదు సార్. మీ కణక్కు, ఆ రాసిన లెక్క, కొంచం చూడండి."

రోజువారీ చీటీలు తెప్పించి మళ్లీ కూడించాడు. రిజిస్టరు రాసే గుమాస్తా చివరి 36ను 63గా తిరగేసి రాశాడని తేలింది.

సూపర్‌వైజరు రిజిస్టరు మూసి, "ఇకమీదట మీరు జాగ్రత్తగా లెక్కపెట్టండి" అని మాకే చెప్పి వెళ్లాడు. గుమాస్తా డబ్బా మాత్రం ఎవరూ తెరిపించలేదు. మీ మిల్లుల్లోనూ ఇంతేనా?