పై వాటా అడగడానికి వచ్చిన రోజు

మా మేనత్త పోయిందని పోయిన మంగళవారం నాన్న ఫోన్ చేసి చెప్పారు. పొద్దున్నే టీ తాగి, కుట్టు మిషన్ ముందు కూర్చుని, అలాగే ఒరిగిపోయిందట. "ఎల్లిపోయిందమ్మా నా చెల్లి" అన్నారు.

గాజువాకలో జాకెట్లు కుట్టించుకున్న చాలామందికి ఆవిడ తెలిసే ఉంటుంది. ఇంటి ముందుగదే ఆవిడ దుకాణం. జాకెట్టు బిగుతైందని ఎవరైనా తిరిగొస్తే మారుమాట లేకుండా వదులు చేసి ఇచ్చేది. "మీరే లావయ్యారు" అని ఎవరినీ ఎన్నడూ అనలేదు. తెలియనివాళ్ళ కోసం ఆవిడ సంగతి ఒకటి చెబుతాను.

నీమా టాంజానియా నుంచి ఫార్మసీ చదవడానికి వచ్చిన అమ్మాయి. వాళ్ళ దేశపు పువ్వుల గుడ్డ పట్టుకుని గౌను కుట్టించుకోవడానికి అత్త దగ్గరికి వచ్చింది. కొలతలు తీసుకుంటుంటే ఏడ్చేసింది. అద్దె బోర్డు ఉన్న ఏ ఇంటికి వెళ్ళినా, తనని చూడగానే "ఇచ్చేశాం" అంటున్నారట. అత్త టేపు మెడలోంచి తీయకుండానే ఆ అమ్మాయిని మా ఇంటికి తీసుకొచ్చింది. మా పై వాటా అప్పటికి చాలా రోజులుగా ఖాళీగా ఉంది.

నాన్న ఆ అమ్మాయికి వరండాలో కుర్చీ వేశారు, మజ్జిగ ఇప్పించారు. తర్వాత అత్తని లోపలికి పిలిచి గొంతు తగ్గించారు.

"నాకేటీ లేదే. పక్కోళ్ళు ఏటంతారో అని."

"పక్కోళ్ళని నానడుగుతాను. నీ మాట సెప్పు."

"మనోళ్ళని మాత్రం బయట దేశాల్లో బాగా సూత్తన్నారేటి? టీవీలో సూళ్ళేదా?"

"సూసేను. ఊరంతా తిరిగొచ్చేవు అన్నయ్యా, ఇంక ఇంటికి రా. పై వాటా ఇత్తావా, ఇవ్వవా?"

"ఉద్యోగానికొచ్చిన కొత్తలో నాకెవడు పిలిచి ఇల్లిచ్చేడు? నానెన్ని పడ్డాను?"

"పడ్డావు. నాకు తెల్దా? అందుకే నీ కాడికి తెచ్చేను."

నాన్న ముఖం ఎర్రబడింది. "అంటే నాను సెడ్డోడినా? రంగు సూసే మనిసినా? సొంత చెల్లివి, నువ్వు నన్నంత మాటంతావా?" అన్నారు. నిజంగానే ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అమ్మ పరుగున మంచినీళ్ళు తెచ్చింది. క్షణంలో ఇంట్లో అందరం నాన్న చుట్టూ చేరాం. ఇల్లు లేని అమ్మాయి సంగతి మాలో ఎవరికీ గుర్తులేదు, అత్తకి తప్ప.

"నిన్ను సెడ్డోడివన్లేదు. నిన్ను తరవాత ఓదారుత్తాను. ఆ పిల్ల సెప్పులేసుకుంటంది, ముందు దానికి జవాబు సెప్పు."

నాన్న అమ్మ చేతిలోని గ్లాసు అందుకుని నీళ్ళు తాగుతూ కూర్చున్నారు. అత్త నీమా చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. సాయంత్రానికల్లా తన వెనకగది ఖాళీ చేసి ఆ అమ్మాయికి ఇచ్చింది.

వీధి చివర కుర్రాళ్ళు నీమాని చూసి కూతలు కూసేవారు. ఒకరి తల్లి దుకాణానికి వచ్చినప్పుడు అత్త ఆ సంగతి ఎత్తింది. "ఊరికే సరదాకంతారు, పిల్లలు కదా" అందావిడ. "సరదా అయితే ఆ పిల్ల కూడా నవ్వాల కదమ్మా?" అంది అత్త. గొంతు పెంచలేదు, మిషన్ ఆపలేదు. ఆ మాటతో వీధి మారిపోయిందని చెప్పను. కొందరు ఆ తర్వాత జాకెట్లు వేరేచోట ఇచ్చుకున్నారు. ఆ తల్లి మాత్రం కొన్నాళ్ళకి కొడుకుని వెంటబెట్టుకుని వచ్చింది. ఆ కుర్రాడు నీమా ముఖం చూడలేక, నేల చూస్తూ సారీ చెప్పాడు.

వానాకాలమంతా నాన్న చెల్లెలి గడప తొక్కలేదు. ఒకరోజు నీమాకి ఒళ్ళు కాలిపోయే జ్వరం వచ్చింది. ఇంకెవరూ తోచక అత్త నాన్నకే ఫోన్ చేసింది. ఆయన ఆటో తీసుకొచ్చి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. తిరిగొచ్చాక ముందుగదిలో కూలబడ్డారు. నేనూ అక్కడే ఉన్నాను.

"లైన్లో ఒకడు ఫోనెట్టి దాని ఫోటో తీత్తన్నాడే. ఒళ్ళు తెలీకుండా పడున్న పిల్లని. నవ్వుతన్నారు. ఏటిదంటే, సరదాకండీ అన్నాడు. మీకేటి బాధ, మీ అమ్మాయా అన్నాడు."

"నువ్వేటన్నావు?"

"అవునన్నాను."

అత్త "సూసేవా" అనలేదు. "కాళ్ళు కడుక్కో, అన్నమెడతాను" అంది.

ఆ నెలలోనే నాన్న పై వాటాకి సున్నం వేయించి, తాళంచెవి తెచ్చి నీమా చేతిలో పెట్టారు. నీమా దాన్ని రెండు చేతులతో ఆయనకి తిరిగి ఇచ్చేసింది. "అత్త కాడే ఉంతాను మావయ్యా" అంది, అత్త దగ్గర నేర్చిన తెలుగులో. చదువు అయ్యేదాకా అక్కడే ఉంది. ఇప్పుడు వాళ్ళ ఊళ్ళో మందుల దుకాణంలో పనిచేస్తోంది. అత్త పోయిన కబురు ఆ అమ్మాయికి నాన్నే చెప్పారు.

అత్త అనగానే నాకు ఒక ఆదివారం మధ్యాహ్నం కళ్ళ ముందుకొస్తుంది. నీమా పెరట్లో పీట మీద కూర్చుని సన్నని జడలు ఒక్కొక్కటీ విప్పుకుంటోంది. దారినపోయేవాళ్ళు కూడా అడక్కుండా ఆ జుట్టు పట్టుకు చూసేవారు. అన్నాళ్ళు ఒకే ఇంట్లో ఉన్నా, అత్త మాత్రం ఒక్కసారీ చెయ్యి వేయలేదు.

"అత్తా, ఎనకాల నాకందట్లేదు. కూసింత సాయం సేత్తావా?"

అత్త చేతులు కొంగుకి తుడుచుకుంది. నీమా వెనక మెట్టు మీద కూర్చుని ఒక జడ అందుకుంది.

"నొప్పెడతందేటమ్మా?"

"లేదత్తా."

గోడ మీద ఎండ దిగిపోతోంది. ఇంకా సగం జడలు మిగిలే ఉన్నాయి. ఇద్దరికీ తొందర లేదు.