గదులకు ముగ్గు గీశాం, గ్రౌండ్‌కి గీయలేదు

నిన్న పొద్దున దీపం పెట్టి లేస్తుంటే వదినె ఫోన్.

"మీ అన్న లేస్తలేడు" అన్నది. అంతే.

నేను చందానగర్‌లో అన్న ఇంటికి చేరేసరికి అన్నను కింద పడుకోబెట్టారు.

ఇంకా నమ్మబుద్ధి కావట్లేదు.

అన్న ఫోన్ ఇప్పుడు నా దగ్గరుంది. ఈ స్కూల్ పాత పిల్లల గ్రూపులో మీరంతా పెడుతున్న మెసేజ్‌లు చదువుతున్నాను. నేను ఆయన చెల్లెల్ని. పదో తరగతి వరకే చదివాను, ఇట్లా రాయడం అలవాటు లేదు. కానీ అందరూ "మనకు గదులు కట్టించిన డ్రిల్ సార్" అనే రాస్తున్నారు. ఆ మాట వింటే అన్న తల దించుకునేవాడు.

అందుకే రాస్తున్నాను.

హైటెక్ సిటీ బిల్డింగ్ లేస్తున్న రోజులవి. ఖాజాగూడ దిక్కు కొత్త కుటుంబాలు వచ్చి చేరుతున్నాయి. ప్రతి ఏడూ స్కూల్లో పిల్లలు పెరుగుతున్నారు. క్లాసులేమో రేకుల షెడ్లలో. వాన పడితే ఆ చప్పుడుకు పాఠం వినపడేది కాదు.

"పిల్లలకు పక్కా గదులు కావాలె, ఆడుకోను జాగ కావాలె. రెండూ కావాలె" అని అన్న తిరగని ఆఫీసు లేదు.

చివరికి పెద్ద సార్లు వచ్చి చూస్తామన్నారు. కాగితం మీద చూపిస్తే వాళ్ళ మనసుకు ఎక్కదని అన్న భయం. నన్ను పిలిచాడు.

"చెల్లె, నీ చెయ్యి సక్కగ నడుస్తది. గ్రౌండ్ల గదులు గియ్యి. గది అంటే గది లెక్కనే ఉండాలె."

ఆయన తాడుతో కొలుస్తూ ముందు నడిచాడు. నేను ముగ్గు పోస్తూ వెనక నడిచాను. గోడలు, దర్వాజలు, వరండా, అన్నీ అసలు సైజులో. దేవుడి ముందు వేసినంత శ్రద్ధగా వేశాను.

సంచిలో ఇంకా ముగ్గు మిగిలింది. గదులు పాత గ్రౌండ్‌లో వస్తే, ఆటలకు పక్కనున్న సర్కారు జాగ ఇవ్వాలని ప్లాన్.

"అక్కడ గ్రౌండ్ కూడా గీయనా అన్నా?" అని అడిగాను.

నవ్వాడు. "ఆడుకునే జాగకు గీతలెందుకు చెల్లె? ఖాళీగ ఉంటెనే గ్రౌండ్."

మర్నాడు పెద్ద సార్లు వచ్చారు. పిల్లలు ఆ గీతల మధ్య క్లాసుల వారీగా కూర్చున్నారు. చెప్పులు బయట విడిచి మరీ! ఒకడు గీత దాటి లోపలికి వచ్చాడు. మిగతా పిల్లలు ఒకటే అరుపులు.

"ఏందిరా, గోడలకెల్లి వస్తున్నవ్? దయ్యానివా?"

"దర్వాజ గక్కడున్నది, తిరిగి రా!"

ఇంజనీర్ గారు కూడా నవ్వి, చుట్టూ తిరిగి దర్వాజలోంచే వచ్చారు. "గదులు కళ్ళకు కట్టించేశారండి మాస్టారూ" అన్నారు.

గదులు వచ్చాయి. పాత గ్రౌండ్ వాటి కిందకు పోయింది.

పక్క జాగ ఖాళీగానే ఉంది కదా. అది గ్రౌండ్ అని ఎవరికీ అనిపించలేదు. ఒకరోజు దాని చుట్టూ గోడ లేచింది. తర్వాత అద్దాల ఆఫీసు.

మీ తర్వాత వచ్చిన పిల్లలంతా వరండాలోనే పెరిగారు. "ఉరకొద్దు, పడతరు" అని విజిల్ వేసి ఆపింది ఎవరో తెలుసా?

పిల్లల్ని ఉరికించాల్సిన డ్రిల్ సారే.

రిటైర్ అయ్యేదాకా అదే ఆయన పని. రిటైర్ అయ్యాక కూడా గ్రౌండ్ కోసం తిరిగాడు. రాలేదు. ఇక రాదు కూడా. అక్కడ జాగ ఎక్కడుంది?

పోయిన నెల దవాఖానలో నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆ రోజు నువ్వడిగినవ్ చెల్లె. నేనే వద్దన్న. గీస్తే వాళ్ళ కండ్లకు ఆనేదేమో."

"ఫికర్ చెయ్యకు అన్నా, దేవుడున్నాడు" అన్నాను. ఎన్నోసార్లు ఎందరికో చెప్పిన మాటే. ఆ రోజు నాకే బలం ఇవ్వలేదు.

ఈ పొద్దున అన్న వాకిలి ఊడ్చాను. అలవాటుగా చెయ్యి ముగ్గు డబ్బా కోసం పోయింది. మైల. వేయకూడదు. ఆ ఖాళీ వాకిట్లో చాలాసేపు అట్లాగే నిలబడ్డాను.

ఇది మన గ్రూపులోనే దాచుకోండి. బయట ఎవరికీ చూపించొద్దు. ఇప్పుడు ఆ గదుల్లో చదివే పిల్లలకు, వాటి కింద ఏముండేదో తెలియనక్కర్లేదు.

పోయిరా అన్నా. నువ్వున్న చోట పిల్లలు ఉరుకుతుంటే ఉరకనియ్యి. విజిల్ జేబులోనే ఉంచుకో.

నీ మనసు ఇకనైనా నెమ్మదించాలి.