కడిగిన ముఖానికి మళ్లీ మసి

ఫొటోగ్రఫీ నేర్పడానికి ఆరుగురిని గోదావరిఖని తీసుకెళ్లి, వాళ్లలో ఒకరితో గొడవపడి తిరిగొచ్చాను. కోపం ఇంకా తగ్గలేదు. అయినా ఆ దారిన వెళ్లాలనుకునేవారికి పనికొస్తుందని రాస్తున్నాను.

శనివారం ఉదయం ఎనిమిదిన్నరకు సికింద్రాబాద్‌లో రైలెక్కాం. నా పాఠం రైల్లోనే మొదలవుతుంది, కెమెరాలు మాత్రం సంచుల్లోనే ఉండాలి. నేను పని నేర్చుకున్నది కరీంనగర్‌లో ఒక చిన్న స్టూడియోలో. ఫొటో దిగడానికి వచ్చినవాళ్లకు అద్దం, దువ్వెన అందించడం నా మొదటి ఉద్యోగం. తరవాత పత్రికల్లో చేరి ఆ దువ్వెన సంగతే మరిచిపోయాను. చెమట, కన్నీళ్లు ఎక్కడుంటే అక్కడికి పరిగెత్తాను. బొగ్గు మసితో నిండిన ఒక కార్మికుడి ముఖం నాకు బహుమతి తెచ్చిపెట్టింది. ఆయన పేరైనా నేను అడగలేదు. కొత్తగా చేరినవాళ్లకు ముందు ఆ ఫొటోనే చూపించి, ఇలా తీయొద్దని చెబుతాను.

ఆ రోజూ చెప్పాను. అందరికన్నా ఖరీదైన కెమెరా ఉన్న వినయ్, "కానీ ఫొటో అదిరింది కదా మేడమ్" అన్నాడు. నవ్వి ఊరుకున్నాను. అక్కడే తప్పు చేశాను.

పన్నెండున్నర దాటాక రామగుండంలో దిగాం. స్టేషన్ బయటే షేర్ ఆటోలుంటాయి, అరగంటలో గోదావరిఖని చౌరస్తాలో దింపుతాయి. లాడ్జిలో సామాన్లు పడేసి, పక్క మెస్‌లో పప్పు, పచ్చిపులుసుతో భోజనం చేశాం. మూడింటికి, మొదటి షిఫ్టు దిగే వేళకు, ఒక గని గేటు బయట టీ కొట్టు దగ్గరికి చేరాం. గనిని ఇక్కడివాళ్లు బాయి అంటారు. మొదటి గంట ఎవరూ కెమెరా తీయకూడదని, టీ తాగుతూ మాట్లాడాలని చెప్పాను.

కార్మికులు స్నానాలు చేసి, తలలు దువ్వుకుని, ఉతికిన బట్టల్లో బయటికి వస్తున్నారు. నేను ఇద్దరు ముగ్గురితో మాటల్లో పడ్డాను. తిరిగి చూసేసరికి, తెల్లచొక్కా వేసుకున్న ఒక పెద్దాయన రోడ్డుపక్క బొగ్గుపొడిని చెంపలకు రాసుకుంటున్నాడు. ఎదురుగా వినయ్ కెమెరా పట్టుకుని, "ఇంకొంచెం అంకుల్" అంటున్నాడు.

"ఏం చేస్తున్నావ్?" అని అరిచాను. కొట్టు దగ్గర అందరూ అటు తిరిగారు.

"అడిగే చేశాను మేడమ్. స్నానం చేసొస్తే గుమాస్తాలా ఉన్నారు. గని కార్మికుడిలా కనిపించాలి కదా!"

"ఏళ్ల తరబడి గనిలోకి దిగుతున్న మనిషికి కార్మికుడిలా కనిపించడం నువ్వు నేర్పుతావా?"

ఆ పెద్దాయన పేరు ఏసుదాసు. ఆయనే నాకు సర్దిచెప్పాడు. "పోనియ్యిండ్రమ్మా. దూరం కెల్లి వచ్చిన్రు, అడిగిండు. కాదంటె ఏం బాగుంటది?"

ఆ మర్యాదతో నా ఒళ్లు ఇంకా మండింది. ఆయన కాలరు నల్లబడింది. ఆ సాయంత్రం వాళ్లింట్లో ప్రార్థన ఉందట, అందుకే ఆ చొక్కా. వినయ్‌ను లాడ్జికి పొమ్మన్నాను.

"మీరు ఫొటోగ్రఫీ నేర్పుతారా, మర్యాదలా?" అన్నాడు.

"రెండోది రానివాళ్లకు మొదటిది నేర్పను" అన్నాను.

మిగతావాళ్లతో కలిసి ఏసుదాసు క్వార్టరుకు వెళ్లాను, క్షమాపణ చెప్పడానికి. ఆయన భార్య మరియమ్మ గుమ్మంలోనే ఆపేసింది.

"పొద్దుగాల ఇస్త్రీ జేసి పంపిన. జర సేపైతె ఇంటి నిండ మంది వస్తరు. మసి మొఖం సూడనీకి మీకు గంత సంబురమేంది అక్కా? ఈ మనిషి మొఖం కడుక్కొని ఇంటికొచ్చిండంటెనే మాకు ఆ దినం గడిచినట్టు."

ఏసుదాసే లోపలికి పిలిచాడు. ముఖం కడుక్కుని, వేరే చొక్కా వేసుకుని, ఎక్కడ కూర్చోవాలో, ఎలా కనబడాలో ఆయనే నిర్ణయించాడు. మంచం మీద, భార్య పక్కన. మా బృందంలో బ్యాంకు ఉద్యోగి సులోచన ఫొటో తీసింది. ఆదివారం ఉదయం చౌరస్తాలోని స్టూడియోలో ప్రింటు వేయించి ఇచ్చాం. మరియమ్మ దాన్ని చాలాసేపు చూసింది. "మా పెండ్లి ఫొటో తర్వాత గిదే" అంది. నవ్వలేదు.

నాలుగింటికి తిరుగు రైలు. గోదావరిఖని వెళ్లండి, కానీ నల్లటి ముఖాల కోసం వెళ్లకండి. ఆ ఊరు మీ ఆల్బమ్ కోసం కాచుకుని లేదు.

రైల్లో వినయ్ నాకు ఎదురుగా కూర్చున్నాడు. ఏసుదాసు ఫొటో అప్పటికే నెట్‌లో పెట్టేశాడు. తీసెయ్యమన్నాను, వినలేదు. పైగా పక్క సీట్లో కూర్చున్న ఒకామెకు ఫోన్లో చూపించాడు. ఆమె మందమర్రిలో ఎక్కిందట. వాళ్ల నాన్న బాయిలో పనిచేసి రిటైరయ్యాడట. ఫోను చేతిలోకి తీసుకుని దగ్గరగా పెట్టుకుని చూసింది.

"గీయన తానం జేసిండు గదా? నెత్తికి నూనె ఉన్నది, అంగి తెల్లగున్నది. చెవులు సుత కడిగినయే. మసి ఒక్క చెంపలకే అంటిందా?" అంది. "ఎవలు పూసిన్రు?"

వినయ్ ఫోను తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

"పూయించింది మేమేనమ్మా" అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసి, సంచి సర్దుకుని కిటికీవైపు తిరిగింది.